చక్రాల ఇల్లు, తీరపు బాట

స్కాట్లండు పడమటి తీరాన ఆపిల్‌క్రాస్ అనే చిన్న పల్లె కలదు. దానికి పోయే పాత దారి సముద్రపు పాయ ఒడ్డున బయలుదేరి, కొంతదూరం మామూలుగానే సాగి, ఆపైన కొండ ఎక్కనారంభిస్తుంది. ఆ మొదట్లోనే ఒక పెద్ద పలక నాటి ఉన్నది. ఈ దారి 2,053 అడుగుల ఎత్తుకు పోతుందనీ, ఐదడుగులకు ఒక అడుగు చొప్పున పైకి లేచే వాలు ఉన్నదనీ, మలుపులు పాము మెలికల వంటివనీ, బండి నడపడం కొత్తగా నేర్చుకొంటున్నవారూ, పెద్ద వాహనాలవారూ, కారవానులను లాగుకొనివచ్చేవారూ మొదటి మైలు దాటి పోకుండుట మేలనీ అందులో వ్రాసినారు. ప్రతి వేసవిలోను కొందరు దీనిని చదివీ చదవనట్లు ముందుకు పోతారు. పోయినవారికి ఆ మెలికల మధ్య ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

కారవాను అనగా మోటారు వెనుక కొంకితో తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇల్లు. పడకా, పొయ్యీ, నీళ్ళతొట్టీ, తెరలు వేసిన కిటికీ అన్నీ అందులో ఉంటవి. దాని వెడల్పు ఏడెనిమిది అడుగులు. అది నడిచే దారియో, స్కాట్లండు ఉత్తరపు కొసలలో, చాలచోట్ల ఒక్క బండికి సరిపడినంతే. ఎదురుబండి వస్తే తప్పుకొనడానికి అక్కడక్కడ దారిని కొంచెం ఉబ్బించి, ఒక గుర్తు పాతినారు. ఆ చోటు నీ వైపున ఉంటే నీవు అందులోకి ఒదగాలి. అవతలి వైపున ఉంటే దాని ఎదుట ఆగి, వచ్చేవాడికి దానిని వదలాలి. ఒదిగే చోటు వెనుక ఉండిపోతే కారవాను వెనుకకు నడపక తప్పదు. మోటారు చుక్కాని కుడికి త్రిప్పితే కారవాను తోక ఎడమకు పోతుంది. ఎడ్లను విప్పకుండా ఎద్దుబండిని వెనుకకు నెట్టి చూచినవారికి ఈ చిక్కు తెలిసే ఉంటుంది. ఒకవైపు కొండగోడ, మరొకవైపు లోయ, వెనుక పది బండ్ల వరుస ఉన్నప్పుడు సముద్రపు సౌందర్యం ఎవరికి కనిపిస్తుంది?

ఐనా ఏటేటా వేలమంది వస్తున్నారు. ఇన్వర్నెస్ పట్టణపు కోట దగ్గర బయలుదేరి, పడమటి తీరానికి పోయి, ఆ తీరం వెంబడి ఉత్తరానికి ఎక్కి, ఉత్తరపు కొనను చుట్టి, తూర్పు తీరం మీదుగా తిరిగి ఇన్వర్నెస్‌కే చేరే 516 మైళ్ళ దారికి 2015లో ఒక పేరు పెట్టి ప్రచారం చేసినారు. దారులు పాతవే, పేరు మాత్రమే కొత్తది. ఈ దారిలో చాల భాగం సముద్రాన్ని విడువదు. ఒకవైపు అల, మరొకవైపు జనంలేని కొండ. ఇది ప్రకృతి సహజమైన ఏకాంతమని యాత్రికుడు భావిస్తాడు. దారి ఒడ్డునే ఎందుకు పోతున్నదని అతడు అడగడు. అడగవలసిన ప్రశ్న అదే.

ఏలననగా, ఆ దేశంలో సాగుకు తగిన భూమి ఒడ్డున లేదు. ఏళ్ళు ప్రవహించే లోపలి లోయలలో ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివరివరకు గేలిక్ భాష మాట్లాడే జనం ఆ లోయలలోనే పల్లెలు కట్టుకొని, ఓట్సూ బార్లీ పండించుకొంటూ, నల్లని పొట్టి పశువులను మేపుకొంటూ ఉండేవారు. కౌలుకు పత్రాలు లేవు. తాతముత్తాతలు కాపురమున్న చోటే తమదని నమ్మకం. ఏటేటా మిగిలిన పశువులను దక్షిణాన ఉన్న సంతలకు తోలేవారు. ఆపిల్‌క్రాస్ కొండదారి గేలిక్ పేరు ‘బెయలఖ్ న బా’. మన మాటలో చెప్పాలంటే ఆవుల కనుమ. దానిమీద బండ్లదారి పడినది 1822లో. ఆవుల నడక అంతకు ఎంతో పాతది. ఇప్పుడు ఆ కొండలమీద ఆవుకంటె గొర్రె ఎక్కువగా కనిపిస్తుంది. పేరులో ఆవు ఉండి, కొండమీద గొర్రె ఉండడంలో ఆ సీమ చరిత్ర అంతా ఉన్నది.

గొర్రె ఎట్లు వచ్చినదో చెప్పుకొనే ముందు ఇన్వర్నెస్‌కు ఉత్తరాన ఆల్నెస్ అనే ఊరి వెనుకనున్న ఫైరిష్ కొండ వైపు ఒకసారి చూడాలి. తూర్పు తీరపు దారిలో పోయేవారికి ఆ కొండ నెత్తిన కొన్ని కమానులు కనిపిస్తవి. అది గుడి కాదు, కోట కాదు. మన నాగపట్టణపు కోట ద్వారానికి నమూనా! 1781లో డచ్చివారి చేతిలో నుండి నాగపట్టణాన్ని పట్టుకొన్న సర్ హెక్టర్ మన్రో ఆ ప్రాంతపు భూస్వామి. తన విజయానికి గుర్తుగా, 1782 ప్రాంతంలో, సొంత ఎస్టేటులో దీనిని కట్టించినాడు. కూలిలేక అల్లాడుతున్న ఊరివారికి పని కల్పించడానికే కట్టించినాడని అక్కడివారు చెప్పుకొంటారు. ఈ మన్రో మనకు క్రొత్తవాడు కాడు. 1764లో బక్సరు యుద్ధం గెలిచినవాడు ఇతడే. ఆ యుద్ధానికి ముందు తిరుగబడిన సిపాయీలలో ఇరువదినలుగురిని ఫిరంగుల మూతులకు కట్టి పేల్పించినవాడూ ఇతడే.

ఆ ఎస్టేటులోనే, కిల్‌డర్‌మోరీ అనే చోట, మన్రో తన కొండభూమిని దక్షిణం నుండి వచ్చిన గొర్రెల వ్యాపారులకు కౌలుకిచ్చినాడు. పశువుల మేత పోయిన చుట్టుపట్టు పల్లెవారు 1792లో గుమిగూడి గొర్రెలను మందలు మందలుగా దక్షిణానికి తోలసాగినారు. మనుషులను కొట్టలేదు, ఇళ్ళు దోచలేదు. వచ్చినచోటికి గొర్రెలను సాగనంపడమే వారి తిరుగుబాటు. సైన్యం వచ్చి వారిని చెదరగొట్టినది. ఇద్దరికి ద్వీపాంతరవాసం విధించినారు. వారు చెరసాల నుండి తప్పించుకొన్నారు. గేలిక్ వారు ఆ సంవత్సరాన్ని ‘గొర్రెల ఏడు’ అని పిలుస్తారు, మనవారు కరవులకు సంవత్సరం పేరు పెట్టినట్లు. నాగపట్టణంలో గెలిచినవాడి కొండమీద ఓడినవారు అతని సొంత ఊళ్ళవారే.

ఆ తరం భూస్వాములందరు మన్రోవంటి సిపాయీలు కారు, విద్యావంతులూ ఉండిరి. ఉత్తరపు కొసన కేత్‌నెస్ మండలానికి చెందిన సర్ జాన్ సింక్లేర్ దేశమంతట ఉన్న మతగురువులకు ప్రశ్నావళులు పంపి, ఒక్కొక్క ప్యారిషు సంగతి వ్రాయించి, 1791 నుండి 1799 వరకు ఇరువదియొక్క సంపుటాలుగా ప్రచురించినాడు. దానినిబట్టి స్కాట్లండులో పల్లెపల్లె జనసంఖ్య, పంటలు, భాష, ఆచారాలు ఇప్పటికి తెలుస్తున్నవి. ఇంచుమించు అదే కాలంలో ఆ పడమటి సముద్రంలోని లూయిస్ దీవివాడు, స్టోర్నొవే ఊరివాడు, కాలిన్ మెకంజీ మన దేశంలో ఉండి కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో తెలుగు పల్లెల కైఫియతులు ప్రోగుచేయించసాగినాడు. ఒక పల్లె తన సంగతి తానే చెప్పుకొనగా వ్రాసియుంచాలన్న ఆలోచన ఇద్దరిదీ. ఐతే సింక్లేర్ రెండవ చేతితో చేసిన పని వేరు. ఛెవియట్ జాతి గొర్రెలను ఉత్తరానికి తెచ్చి తన లాంగ్‌వెల్ లోయలో మేపించినవాడు అతడే. అక్కడి కౌలుదార్లను ఖాళీ చేయించినవాడూ అతడే. ఒక చేత పల్లెలను లెక్కపెట్టి, రెండవ చేత ఒక లోయను జనశూన్యం చేసినవాడిని చరిత్రకారుడు ఏ గడిలో వేయాలి?

లాంగ్‌వెల్ నుండి వెళ్ళగొట్టబడినవారు కొందరు సముద్రపు కొండచరియ అంచున బాడ్‌బే అనేచోట గుడిసెలు వేసుకొన్నారు. తూర్పు తీరపు రహదారి నుండి కొంచెం నడిచి పోతే ఆ గోడల మొదళ్ళు ఇప్పటికి కనిపిస్తవి. నేల వాలు, గాలి విపరీతం. పశువులనూ కోళ్ళనూ, చివరకు పసిపిల్లలనూ కూడా, గాలికి కొట్టుకొనిపోయి సముద్రంలో పడకుండా త్రాళ్ళతో కట్టివేసేవారని ప్రతీతి. న్యూజీలండుకు వలసపోయిన ఒకని కొడుకు 1911లో ఆ చోట ఒక స్మారకస్తంభం నిలిపించినాడు. ఆ సంవత్సరమే బాడ్‌బేలో చివరి కాపురం లేచిపోయినది.

సదర్లండు మండలంలో జరిగినది ఇంతకంటె పెద్దది. 1807 మొదలు 1821 వరకు ఆ ఎస్టేటువారు లోపలి లోయల నుండి వేలాది జనాన్ని ఒడ్డుకు దింపినారు. ప్రజలు చేపలు పట్టుకొని బ్రతుకుతారని, లోయలలో గొర్రెలు బలుస్తవని, ఇద్దరికి లాభమని ఎస్టేటు అధికారుల వాదం. దానిని వారు ‘అభివృద్ధి’ అన్నారు. చేపల పని ఎరుగని రైతుకు బండరాళ్ళ నడుమ రెండు మూడెకరాలు చూపి, పడవ లేకుండానే బెస్తవానిగా మారుమన్నారు. కొత్తగా కట్టిన ఒక ఊరికి జమీందారిణి ఎలిజబెత్ పేరుమీద బెటీహిల్ అని పేరు పెట్టినారు. ఇప్పుడు అక్కడి పాత చర్చిలో స్ట్రాత్‌నేవర్ లోయ చరిత్రను చూపే ప్రదర్శనశాల ఉన్నది.

స్ట్రాత్‌నేవర్‌లో 1814లో ఇళ్ళు తగులబెట్టించిన ప్యాట్రిక్ సెల్లార్ ఒకే సమయంలో ఎస్టేటు ఉద్యోగి, ఆ లోయను గొర్రెలకు కౌలు తీసుకొన్నవాడు కూడా. కాలిన ఇళ్ళలో విలియం చిషమ్ అనేవాడిది ఒకటి. చిషమ్ రేకు పనిచేసి బ్రతికే సంచారజాతివాడు. అతని అత్త, నూరేళ్ళకు దగ్గరపడిన ముసలిది, మంచాన ఉన్నది. ఆమెను బయటికి మోసినారు. కొన్ని రోజులకు చనిపోయినది. 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగినది. సెల్లార్ నిర్దోషి అని తీర్పు వచ్చినది. ఇన్ని వేల ఇళ్ళు కూలగా న్యాయస్థానం దాకా పోయిన ఆ ఒక్క ఇల్లు ఒక సంచారిది కావడం మరువదగినది కాదు. ఆ జాతివారి సంగతికి మళ్ళీ వస్తాను.

అదే లోయలో రోసల్ అనే ఊరి తాపీపనివాడు డోనాల్డ్ మెక్లౌడ్ 1819 నాటి దహనాన్ని కళ్ళారా చూచినాడు. ఒక రాత్రి మిట్ట ఎక్కి చూడగా రెండువందల యాభై ఇళ్ళు మండుతూ కనిపించినవని చాల ఏళ్ళ తరువాత పత్రికలకు లేఖలు వ్రాసినాడు. తరువాత అతడు కెనడాకు వలసపోయినాడు. అతని లెక్క సరియైనదా కాదా అని చరిత్రకారులు వాదించుకొంటూనే ఉన్నారు. వాదించవలసినదే. కాని ఆ లేఖలు లేకపోతే వాదించడానికి ఎస్టేటు దస్తాలు మాత్రమే మిగిలేవి.

ఇక దారుల మాట. 1803లో పార్లమెంటు ఒక సంఘాన్ని నియమించి, థామస్ టెల్ఫర్డ్ అనే గొప్ప ఇంజనీరు చేత హైలాండు సీమలో దారులు వేయించనారంభించినది. ఖర్చులో సగం ప్రభుత్వానిది, సగం భూస్వాములది. సుమారు ఇరవై ఏళ్ళలో దాదాపు 900 మైళ్ళ దారి, వెయ్యికి పైగా వంతెనలు తయారైనవి. ఆ పనికి ముందు చెప్పిన కారణాలలో ఒకటి, జనం విదేశాలకు వలసపోకుండా ఇక్కడే కూలి దొరికేటట్లు చేయడం. దారి వచ్చినది, ఆ దారిన మొదట లోపలికి వచ్చినది గొర్రెల వ్యాపారి, బయటికి పోయినది ఉన్ని, దాని వెంట జనం. టెల్ఫర్డ్‌ను నిందించి ప్రయోజనం లేదు. రాళ్ళు పేర్చడంలో అంత శ్రద్ధ చూపినవారు తక్కువ. దారి ఎవరిని ఎటు తీసికొనిపోతుందో నిర్ణయించేది ఇంజనీరు కాదు.

ఒడ్డుకు చేరినవారు కొంతకాలం సముద్రపు నాచును కాల్చి, సబ్బు గాజు పరిశ్రమలకు కావలసిన క్షారం తీసి బ్రతికినారు. యుద్ధాలు ముగిసి విదేశీ సరకు చౌకగా దిగుమతి కాగానే ఆ పని పడిపోయినది. మిగిలినది కొద్ది చెక్క భూమి. దానిలో కుటుంబాన్ని పోషించగల పంట ఒక్కటే, ఆలుగడ్డ. 1846లో ఐర్లండులోవలెనే ఇక్కడను ఆలుగడ్డకు తెగులు సోకినది. ఒడ్డున కరవు వచ్చినది.

కరవులో అన్నం ఎట్లు పెట్టాలన్న విషయాన ట్రెజరీ అధికారి చార్లెస్ ట్రెవిలియన్‌కు గట్టి అభిప్రాయాలు ఉండేవి. ఉచితంగా పెట్టితే మనిషి చెడిపోతాడు. పని చేయించుకొని, అదియు ఇంకే కూలి దొరికినా దానికే పోవాలనిపించేటంత తక్కువగా పెట్టాలి. హైలాండు కరవు నిధివారు ఆ సూత్రాన్ని పాటించి, రోజంతా రాళ్ళు కొట్టిన మగవానికి ఒక పౌను పిండి కొలిచి ఇచ్చినారు. ఆడవారికి అల్లిక పని, నూలు పని. ఇట్లు వేసిన దారులలో బ్రేమోర్ నుండి డండానెల్‌కు బీడుభూమి మీదుగా పోయేదానిని ఇప్పటికిని ‘దారిద్ర్యపు దారి’ అనే పిలుస్తారు. నున్నని తారు పరచిన ఆ దారిమీద కారవానుకు ఏ చిక్కూ లేదు. చూపు ఆనినంత మేరా కొండలు. కిటికీ తెర తీసి తేనీరు త్రాగుతూ ఆనందించవచ్చును. దాని క్రింది రాయి పౌను పిండికి కొట్టినది.

ఈ పౌను లెక్క మనకు ఎక్కడో విన్నట్లుంటుంది. ట్రెవిలియన్ యౌవనంలో పండ్రెండేళ్ళు మన దేశంలో ఉద్యోగం చేసినవాడు. 1859లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చి, ఆదాయపు పన్ను విషయమై పై ప్రభుత్వంతో బాహాటంగా తగవు పెట్టుకొని, మరుసటి ఏడే వెనుకకు పిలిపించబడినాడు. అతడు పోయిన పదిహేడేళ్ళకు, ధాత సంవత్సరపు కరవులో, సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి కరవు పనిలో మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని నిర్ణయించినాడు. ఆరోగ్యశాఖవారు దానికి అభ్యంతరం చెప్పినారు. శవాలు లేచిన తరువాత కూలి కొంచెం పెంచినారు. పెద గంజాం నుండి నెల్లూరు తీరం వెంబడి దక్షిణానికి పోయే బకింగ్‌హాం కాలువలో, మద్రాసు నగరాన అడయారునూ కూవాన్నీ కలిపే ముక్క ఆ 1877-78 కరవు కూలీలు తవ్వినదే. ఆ మాట కాలువకు పెట్టిన గవర్నరు పేరులో లేదు. స్కాట్లండువారు తమ దారికి కరవు పేరునే ఉంచుకొన్నారు. ఈ విషయంలో వారు మనకంటె నిజాయితీగలవారనిపిస్తుంది.

ఇంతవరకు దారి కథ. చక్రాల ఇంటి కథ ఇంకొకటి ఉన్నది. 1885లో విలియం గార్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకావైద్యుడు బ్రిస్టల్‌లో ఒక బండి కట్టించినాడు. ఎర్రచందనపు రంగులో మెరిసే మహాగనీ చెక్క, బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ, లాగడానికి రెండు గుర్రాలు. లోపల పుస్తకాలూ, వాయిద్యమూ. వెంట బండివాడు, సేవకుడు, పెద్ద కుక్క, ఒక చిలుక. ఎదురు బండ్లకు హెచ్చరిక చేయడానికి సేవకుడు మూడు చక్రాల సైకిలుమీద ముందుగా పోయేవాడు. ఇంగ్లండులోని ట్వైఫర్డ్ నుండి బయలుదేరి గ్రాంపియన్ కొండలు దాటి, 1,300 మైళ్ళకు పైగా తిరిగి, ఇన్వర్నెస్ చేరినాడు. ఈ యాత్రను 1886లో పుస్తకంగా ప్రకటించినాడు. పని కోసం కాక వినోదం కోసం చక్రాల ఇంట్లో తిరగడమనే వేడుకకు ఆద్యుడు ఇతడే అంటారు. తనను తాను ‘పెద్దమనిషి జిప్సీ’ అని పిలుచుకొనేవాడు.

పుస్తకం వెలువడిన 1886లోనే పార్లమెంటు క్రాఫ్టర్ల చట్టం చేసినది. ఒడ్డున చిన్న కమతాలు చేసుకొనే రైతులను క్రాఫ్టర్లంటారు. స్కై దీవిలో 1882లో కౌలుదార్లు పోలీసులను రాళ్ళతో ఎదిరించిన తరువాత, విచారణ సంఘం ఊరూర తిరిగి సాక్ష్యం తీసుకొన్న తరువాత, వచ్చిన చట్టమది. కౌలు సక్రమంగా కట్టినంతకాలం క్రాఫ్టరును వెళ్ళగొట్టరాదని, కమతం వారసునికి చెందునని, కౌలును న్యాయంగా నిర్ణయించే సంఘం ఉండునని అందులో చేర్చినారు. పోయిన లోయలను అది తిరిగి ఇవ్వలేదు. ఐనా కప్పు ఉన్న ఇంటికి మొదటిసారి చట్టం కాపు కాచినది. ఒకే ఏడు ఒకడు ఇల్లు వదిలి తిరిగే సుఖాన్ని గురించి పుస్తకం వ్రాయడం, వేలమంది ఇల్లు వదలకుండా ఉండే హక్కు పొందడం కాకతాళీయమే కావచ్చును.

నిజమైన సంచారుల గతి వేరు. చిషమ్ జాతివారు తరతరాలుగా ఆ సీమలో రేకుపాత్రలు చేస్తూ, గుర్రాలు మారుస్తూ, ఏళ్ళలో ముత్యపుచిప్పలు ఏరుతూ, కోతల కాలంలో కూలికి పోతూ, వంచిన కర్రలమీద గుడ్డ కప్పిన గుడారాలలో కాపురం చేసేవారు. 1865 నాటి ఒక చట్టం భూస్వామి అనుమతి లేకుండా దారిప్రక్కన బస చేయడం, నిప్పు రాజేయడం నేరమన్నది. ఆరేళ్ళ తరువాత, 1871లో, మన దేశంలో సంచారజాతులను పుట్టుకతో నేరస్థులుగా లెక్కించే చట్టం వచ్చినది. దాని క్రింద ఎరుకలవారిని నిలువరించడానికి పెట్టిన స్టువర్టుపురం తెలుగువారు ఎరిగినదే. మనం ఆ చట్టాన్ని 1952లో రద్దుచేసుకొన్నాము. స్కాట్లండులో, ఇంచుమించు అప్పుడే, 1940ల నుండి 1980ల వరకు, సంచారులను ఒకచోట కుదురుకొనేటట్లు చేయాలని పనికిరాని గుడిసెలలోకి నెట్టినారు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసిన సందర్భాలు ఉన్నవి. ఇందుకు 2025 జూన్‌లో స్కాట్లండు ప్రథమమంత్రి జాన్ స్వినీ అక్కడి పార్లమెంటులో క్షమాపణ చెప్పినాడు.

సాహిత్యం చదివేవారు ఇక్కడ ఒక నిమిషం ఆగవలెను. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1951లో స్కాటిష్ అధ్యయన సంస్థ స్థాపించబడినది. ఆ సంస్థకు పనిచేసిన కవి హామిష్ హెండర్సన్ 1950లలో శబ్దగ్రాహక యంత్రం మోసుకొని సదర్లండులోని లేర్గ్ ప్రాంతానికి పోయి, ఆలీ డాల్ అనే అంధవృద్ధుని గుడారం దగ్గర కూర్చొని, గేలిక్ కథలు రికార్డు చేసినాడు. ఇళ్ళున్నవారు మరచిపోయిన పెద్ద పెద్ద వీరగాథలు ఇల్లులేనివాని నోట దొరికినవి. లోయలు ఖాళీ అయినా కథలు గుడారాలతోపాటు కదులుతూ మిగిలినవి. ఆ కథకుడు వేసవిలో తిరిగిన దారులే నేటి కారవానుల దారులు. స్టేబుల్స్ బండికంటె ఆ గుడారం ఆ దారికి దగ్గరి చుట్టం.

మోటారు వచ్చిన తరువాతి సంగతి త్వరగా చెప్పవచ్చును. కెనెత్ గ్రాహమ్ 1908 నాటి బాలల నవలలో ఒక కప్ప జమీందారు గుర్రపు కారవానులో విహారం పోగా, దూసుకొనివచ్చిన మోటారు దానిని గోతిలో పడవేస్తుంది. పది పన్నెండేళ్ళు తిరగకముందే మోటారు కారవానుతో రాజీపడినది. 1919లో బర్మింగ్‌హాం నగరపు ఎక్లెస్ కంపెనీ మోటారుకు తగిలించే కారవానులు చేసి అమ్మసాగినది. తారు వచ్చినది, వంతెనలు వచ్చినవి. కైల్‌స్కూ వద్ద సముద్రపు పాయమీద పడవల రేవు పోయి 1984లో చక్కని వంతెన వెలసినది. ఒంటిబండి దారులు మాత్రం చాలచోట్ల ఒంటిబండి దారులుగానే ఉన్నవి.

కారవానులవారు పోవద్దని చెప్పే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి ఆవుల కనుమ. రెండవది లాఖిన్వర్ నుండి డ్రంబెగ్ మీదుగా పోయే ఒడ్డుదారి. ఎత్తుపల్లాలూ గుడ్డిమలుపులూ ఎక్కువ. ఈ రెండవ దారి పోయే నేల అసింట్ క్రాఫ్టర్లది. ఎస్టేటు అమ్మకానికి వచ్చినప్పుడు, అక్కడి కౌలుదార్లు చందాలెత్తి, సంఘంగా ఏర్పడి, 1993లో సుమారు 21,000 ఎకరాలను మూడులక్షల పౌన్లకు కొన్నారు. వెళ్ళగొట్టబడినవారి మునిమనుమలు భూస్వాములైనారు. 2003 నాటి చట్టం ఇట్టి కొనుగోళ్ళకు దారి సుగమం చేసినది. ఆ చట్టమే బాటసారికి ఎవరి కొండమీదనైనా నడిచే, గుడారం వేసికొనే హక్కునూ ఇచ్చినది. మోటారు వాహనానికి, దాని వెనుక లాగే ఇంటికి ఆ హక్కు వర్తించదు. ఇది సంగతి తెలియని యాత్రికులకు కోపం తెప్పిస్తుంది. ఒదిగేచోట బండి నిలిపి రాత్రి నిద్రపోయేవారివల్ల వైద్యుని బండి ఆగిపోతుందని అక్కడివారికీ కోపమే. ఎవరి కోపం న్యాయమైనదో చెప్పడానికి పెద్ద ధర్మశాస్త్రం అక్కరలేదు.

ఆపిల్‌క్రాస్‌కు కారవానుతో పోదలచినవారు ఇప్పుడు కనుమ ఎక్కకుండా షీల్డేగ్ వైపునుండి ఒడ్డు చుట్టి పోవచ్చును. ఆ ఒడ్డుదారి పూర్తియైనది 1970లలో. అంతవరకు ఆ ఒడ్డు పల్లెలకు కాలిబాట, పడవ తప్ప వేరే గతి లేదు. బండి పోయే దారి కావాలని వారు అడిగి అడిగి అలసినారు. దారి వచ్చేసరికి చాల ఇళ్ళలో మనుషులు లేరు.

ఆ ఒడ్డునుండి చూస్తే ఎదుట రాసే దీవి కనిపిస్తుంది. దాని ఉత్తరపు కొసన ఆర్నిష్ అనే పల్లెకు దారి వేయుమని ఊరివారు దశాబ్దాలు అర్జీలు పెట్టుకొన్నారు. అధికారులు వేయలేదు. పల్లె ఖాళీ అవుతూ వచ్చినది. కాలం మెక్లౌడ్ అనే క్రాఫ్టరు దారి వేయడాన్ని గురించిన పాత పుస్తకమొకటి కొని చదివి, 1964లో పలుగూ పారా తోపుడుబండీ తీసుకొని బ్రోఖెల్ నుండి తానే మొదలుపెట్టినాడు. ఇతర పనులు తీరిన వేళలలో రాళ్ళు పగులగొట్టి, చెట్లు నరికి, కాలువలు తీసి, పదేళ్ళలో సుమారు ఒకటిముప్పావు మైలు పూర్తిచేసినాడు. మన బీహారులో దశరథ్ మాంఝీ ఉలి సుత్తులతో కొండ తొలుస్తున్న కాలమే అది. 1974లో కాలం దారి ఆర్నిష్ చేరేనాటికి ఆ ఊళ్ళో దాదాపుగా అతడూ భార్యా మాత్రమే మిగిలినారు. తరువాత ఎనిమిదేళ్ళకు ప్రభుత్వం దానిమీద తారు పోసినది. 1988లో అతడు చనిపోయినాడు. ఇప్పుడు ఆ దారి చూడడానికి పడవ దాటి యాత్రికులు వస్తున్నారు. బ్రోఖెల్ దగ్గర బండి ఆపి, అక్కడినుండి నడిచిపోయేవారూ ఉన్నారు.